ద్రాక్షాకులు చుట్టే చేతులు

"అచ్చం మా అమ్మమ్మ చేసినట్టే ఉంది." లెబనీస్ రెస్టారెంట్లలో భోజనం బాగుంటే కస్టమర్లు ఇచ్చే పెద్ద కితాబు ఇదే. అమెరికాలో డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న డియర్‌బోర్న్ ఊళ్ళో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు అంటే అర్థముంది. ఆ దేశం ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా తమది కాని ఒక అమ్మమ్మని ఊహించుకుని అదే మాట అంటారు. మెచ్చుకోలే కదా అని ఊరుకోవచ్చు. కానీ ఆడవాళ్ళ పనిని పొగిడే మాటలే ఆ పనిని ఎలా మాయం చేస్తాయో మనకి తెలియంది కాదు. అందుకే ఈ అమ్మమ్మ ఎవరో తెలుసుకోవాలనిపించింది.

డియర్‌బోర్న్ ఫోర్డ్ కంపెనీ ఊరు. రూజ్ నది ఒడ్డున ఉన్న కార్ల కర్మాగారంలో పనికోసం 1920ల నుంచీ లెబనాన్ వాళ్ళు ఇక్కడికి చేరారు. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధం ఇంకెంతోమందిని తరిమింది. 2020 జనాభా లెక్కల్లో ఊరివాళ్ళలో సగానికి పైగా తమ మూలాలు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాలవని రాయించారు. చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో ఉండే మన తెలుగు కుటుంబాలకీ ఇక్కడి భోజనం అలవాటే. ఇండియా నుంచి శాకాహారులైన అత్తమామలు వచ్చినప్పుడు హమ్మస్, ఫలాఫెల్, మసూరు పప్పూ అన్నమూ కలిపి వేయించిన ఉల్లిపాయలు చల్లిన ముజద్దరా దొరికే చోటు ఎంత భరోసానో ఆ కోడళ్ళని అడగాలి.

నాకు అక్కడి మెజ్జె అంటే ఇష్టం. బల్లనిండా చిన్న చిన్న గిన్నెలు వస్తాయి. కాల్చిన వంకాయతో బాబా గనూష్, సన్నగా తరిగిన కొత్తిమీర లాంటి పార్స్లీతో తబూలే, బీట్‌రూట్ ముక్కతో ఎర్రబడిన టర్నిప్ ఊరగాయ, తెల్లటి వెల్లుల్లి ముద్ద, పొగలు కక్కే రొట్టె. అందరూ ఒకేసారి ఒకే గిన్నెలో ముంచుకు తింటారు. మగవాళ్ళ పంక్తి, పిల్లల పంక్తి అయ్యాక గిన్నెల అడుగున మిగిలింది ఊడ్చుకుని తినే ఇళ్ళల్లో పెరిగిన నాలాంటి వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ ముందు ఎవరు, ఆఖర్న ఎవరు అన్న ప్రశ్నే లేదు. కూర్చున్న చోటికి వేడివేడిగా తిండి రావటం ఒక స్త్రీకి ఎంత సుఖమో! దాన్ని వినియోగదారీ వ్యామోహమని కొట్టిపారెయ్యటం నాకు చేతకాదు.

ఆ సమానత్వం బిల్లు వచ్చేదాకానే. ఒకసారి తోటి పరిశోధకుణ్ణి నేనే భోజనానికి పిలిచాను. ఏం కావాలో చెప్పింది నేను, బిల్లు తెమ్మన్నదీ నేను. తెచ్చిన కుర్రాడు దాన్ని తిన్నగా అతని ముందు పెట్టాడు. "వాళ్ళ సంస్కృతే అంత" అన్నాడు నా స్నేహితుడు తేలిగ్గా. హైదరాబాద్ స్టార్ హోటల్లో నాకు సరిగ్గా ఇలాగే జరిగినప్పుడు అది ఎవరి సంస్కృతి అని ఎవరూ అనలేదు. పితృస్వామ్యం అరబ్బుల దగ్గర కనిపిస్తే సంస్కృతి, మిగతా చోట్ల పొరపాటు!

ఈ చూపు వల్లేనేమో, 'లెబనీస్' అన్న చోటే 'మెడిటరేనియన్' అన్న బోర్డు కూడా కనిపిస్తుంది. 2001 సెప్టెంబర్ తర్వాత అమెరికాలో 'అరబ్' అన్న మాట మీద పడిన అనుమానం మధ్యధరా సముద్రం మీద పడలేదు. పైగా ఆ మాటకి ఆరోగ్యం అన్న అర్థం తోడైంది. ఆ అర్థం ఎక్కడిదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆన్సెల్ కీస్ నాయకత్వంలో 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనం దానికి పునాది. ఆ ఏడింటిలో ఒక్క అరబ్ దేశమూ లేదు. పరీక్షించిన పన్నెండు వేల పైచిలుకు మందీ 40 నుంచి 59 ఏళ్ళ మగవాళ్ళే. వాళ్ళ గుండెలు కొలిచారు. వాళ్ళకి రోజూ వండిపెట్టిన ఆడవాళ్ళ గుండెలు లెక్కలోకి రాలేదు. 2010లో యునెస్కో ఈ ఆహార సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించినప్పుడు మాత్రం దాన్ని తరతరాలకీ అందించటంలో స్త్రీల పాత్ర కీలకమని రాసుకుంది. అప్పుడు కూడా ఆ జాబితాలో ఉన్నవి స్పెయిన్, గ్రీస్, ఇటలీ, మొరాకో. లెబనాన్ లేదు.

మరి ఆ అమ్మమ్మ? అక్రమ్ ఖాటర్ 2001లో రాసిన 'ఇన్వెంటింగ్ హోమ్' చదివితే ఆమె వంటింట్లోంచి బయటికి నడిచి వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మౌంట్ లెబనాన్ పల్లెల ఆడపిల్లలు పట్టు తీసే ఫ్యాక్టరీలలో కూలికి పనిచేశారు. అమెరికాకి వలస వచ్చిన తొలితరం స్త్రీలలో చాలామంది మూటలు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి దారాలూ లేసులూ అమ్మారని అలిక్సా నాఫ్ 1985లో వచ్చిన తన పుస్తకంలో నమోదు చేశారు. కార్మికురాలు, వ్యాపారి, వలసదారు అయిన ఆమెని రుచి పేరుతో మళ్ళీ పొయ్యి ముందు కూర్చోబెట్టింది ఎవరు? మన కర్రీ పాయింట్ల బోర్డుల మీద 'అమ్మ చేతి వంట' అని రాస్తున్నవాళ్ళు వేరే పనేమీ చెయ్యటం లేదు.

మధ్యాహ్నం మూడు దాటాక, రద్దీ తగ్గాక, ఒక రెస్టారెంట్‌లో వెనక బల్ల దగ్గర ఇద్దరు స్త్రీలు ద్రాక్షాకులు చుడుతుండగా చూశాను. ఉప్పునీళ్ళలోంచి ఆకు తియ్యటం, తొడిమ కత్తిరించటం, బియ్యం పెట్టి చిటికెన వేలంత సన్నగా చుట్టటం. మనం అయిదు నిమిషాల్లో ఖాళీ చేసే ప్లేటుకి ఎంతసేపు పడుతుందో అక్కడ కూర్చుంటేగాని తెలియదు. రోజుకి ఎన్ని చుడతారని అడిగాను. "లెక్కపెడితే చెయ్యలేం" అంది ఒకామె. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నారా అంటే పెద్దగా నవ్వింది. వాళ్ళ అమ్మమ్మ దర్జీపని చేసేదట. వంట అంటే ఆవిడకి విసుగట. ఈ పని తను ఈ ఊరొచ్చాక, జీతం కోసం, తోటి పనివాళ్ళ దగ్గర నేర్చుకుందట.

ఆ జవాబు నాకు చాలా నచ్చింది. అమ్మమ్మ ప్రేమకి కూలి ఇవ్వక్కర్లేదు. నేర్చుకున్న పనికి ఇవ్వాలి. రుచి ఆడవాళ్ళ రక్తంలో ఉంటుందని నమ్మినంతకాలం ఆ మెచ్చుకోలు వాళ్ళ జీతంలోకి మారదు. బాగుందనిపించినప్పుడు ఎవరు చేశారని అడగటం, ఆ చేసినవాళ్ళకి ఎంత ఇస్తున్నారని అడగటం కస్టమర్ కుర్చీలో కూర్చున్న ఆడవాళ్ళమైనా మొదలుపెట్టాలి.