గాలానికి పడిన చేపలు

ప్రభువునందు ప్రియులైన సంఘస్థులకు, సుగ్గికి పోయి గుంటూరు పక్క మిరప చేలల్లో ఉంటూ ఫోన్లో ఇది చదువుతున్న మనవాళ్ళకు మా వందనములు.

క్రిస్మస్ ప్రేమవిందులో ఈసారి చేపల పులుసు పెట్టినామని మీకు ఇప్పటికే తెలుసు. ఫోటోలు గ్రూపులో చూసినారు. ఆదివారం ప్రసంగంలో “దేవుడే సమకూర్చినాడు” అని మేము సాక్ష్యం కూడా చెప్పినాము. ఆ సాక్ష్యంలో చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటి ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాము.

డిసెంబరు వచ్చేసరికి సంఘం సగం ఖాళీ అయింది. ఏ వీధిలో చూసినా తాళాలు, అరుగుల మీద ముసలివాళ్ళు, వాళ్ళ దగ్గర వదిలిపోయిన పిల్లలు. కానుకల పెట్టె కూడా అట్లే ఉంది. డెబ్బై మందికి కోడికూర వండించే శక్తి మాకు లేకపోయింది. అన్నం, పప్పు చేద్దామని అమ్మగారు అన్నారు. అప్పుడు మన యవనస్థులు ముగ్గురు వచ్చి, “పాస్టరయ్యా, చెరువులో సేపలు ఉన్నాయి గదా, గాలాలు ఏద్దాం” అన్నారు.

ఈ ఏడు చెరువులో నీళ్ళు ఉండటమే గొప్ప. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనమంతా ఎంత దిగులుపడినామో గుర్తుంది కదా. ఇంక కాలువకు నీళ్ళు రావనుకున్నాము. వారంలోపే పలకలు దించి నీళ్ళు ఆపినారు, తర్వాతి వానలకు డ్యాం మళ్ళీ నిండింది. ఆ కాలువ నీళ్ళే ఈ చెరువుకూ చేరినాయి.

మొదటి రెండు దినాలు తెల్లవారుజామున ఐదు గంటలకే పోయినాము. నైలాన్ దారం, బెండు, చిన్న సీసం గుండు, డబ్బాలో ఎర్రలు. నీళ్ళ మీద పొగలాగా మంచు లేస్తా ఉండింది. దుప్పటి కప్పుకొని ఎనిమిది దాకా కూర్చున్నాము. బెండు కదిలితే ఒట్టు. పేతురు రాత్రంతా ప్రయాసపడి ఏమీ పట్టలేకపోయిన సంగతి పిల్లలకు చెప్పి ధైర్యపరచినాము. చేపలు మాత్రం రాలేదు.

రెండో దినం గట్టు మీద ఒక తాత వచ్చి నిలబడినాడు. మమ్మల్ని, మా గాలాలను చూసి నవ్వినాడు.

“ఈ సలికి సేప నోరు తెరుస్తాదా సామీ? అది అడుగున కదలకుండా పడుంటాది. ఎండెక్కినాక రాండి.”

చేప ఒంటికి సొంత వేడి ఉండదంట. నీళ్ళు చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడి ఆకలి తగ్గిపోతుంది. పది దాటి, ఎండ తగిలి లోతు తక్కువ నీళ్ళు వెచ్చబడినాక మేతకు వస్తుంది. పెద్ద గాలం తీసేసి చిన్నది కట్టమన్నాడు. ఎర్రను గోరంత ముక్క పెట్టమన్నాడు. రోహు కావాలంటే తవుడు, శెనగ చెక్క కలిపి ముద్ద చేయమన్నాడు. బెండు చటుక్కున మునగదు, ఊరికే ఒక పక్కకు వాలుతుంది, అప్పుడే లాగాలి అని చేయి పట్టుకొని చూపించినాడు.

ఇది వింటూ ఉంటే సెమినరీలో చదివింది జ్ఞాపకం వచ్చింది. గలిలయ సముద్రం ఉత్తరపు ఒడ్డున, కపెర్నహూముకు దగ్గరలో, తబ్ఘా అనే చోట వెచ్చని ఊటలు ఉన్నాయి. చలికాలంలో చేపలు ఆ వెచ్చదనానికి అక్కడ చేరుతాయంట. అక్కడి జాలరులకు తెలిసిన సంగతే మన తాతకూ తెలుసు.

మూడో దినం ఎండెక్కినాక పోయినాము. సాయంత్రానికి రెండు గంపలు! ఎక్కువ జిలేబీలే, నడుమ కొన్ని రోహులు. పిల్లల సంతోషం చెప్పలేము. మరుసటి దినమూ పట్టినాము.

ఇప్పుడు అసలు సంగతి. ఆ చెరువు చేపలు ఎవరికీ చెందనివి కావు. మత్స్యకారుల సంఘం వాళ్ళు డబ్బు కట్టి పాటకు తీసుకున్నారు. వానాకాలంలో చేపపిల్లలను కొని వదిలినారు. ఎండాకాలం నీళ్ళు తగ్గినాక వల వేసి పట్టి అమ్ముకుంటేనే వాళ్ళ ఇల్లు గడుస్తుంది. ఇదంతా తెలియక చేసినామా? లేదు ప్రియులారా. పాట సంగతి మాకు తెలుసు. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. పండుగ కదా, దేవుని పని కదా, నాలుగు చేపలకు ఏమవుతుందిలే అని మనస్సుకు సర్దిచెప్పుకున్నాము.

జనవరి మొదటి వారం వాక్యానికి సిద్ధపడుతూ మత్తయి సువార్త 17వ అధ్యాయం తీసినాము. సువార్తల్లో వలలు చాలాచోట్ల కనిపిస్తాయి గానీ గాలం వేసింది అక్కడ ఒక్కచోటే. పేతురును గాలం వేయమని ప్రభువు పంపింది విందు కోసం కాదు. దేవాలయపు పన్ను, ఒక్కొక్కరికి అరషెకెలు, కట్టడానికి. తాను కుమారుడు గనుక కట్టనక్కరలేదని చెప్పి కూడా, అవతలివాళ్ళకు అభ్యంతరం కలగకూడదని కట్టినాడు. ఇరవై ఏండ్లుగా ఈ భాగం మీద ప్రసంగాలు చేస్తున్నాము. చేప నోట్లోని నాణెం గురించే చెప్పినాము. ఆ రాత్రి పుస్తకం మూసినాము గానీ నిద్ర పట్టలేదు.

తెల్లవారి ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని తాతను వెదుక్కుంటూ పోయినాము. ఇంటిముందు వల అల్లుకుంటూ ఉన్నాడు. పాట పాడిన సంఘంలో ఆయనా సభ్యుడే. అంటే, తన చేపలను పట్టే విద్య మాకు తానే నేర్పించినాడు. మాకు నోట మాట రాలేదు.

“తాతా, మీ చేపలు అడగకుండా పట్టినాము. తప్పయింది. ఎంతవుతుందో చెప్పు, కడతాము,” అన్నాము.

“మీరు గుడి పెద్దలు. అడుగుతారులే అనుకొంటి. అడగకపోతిరి,” అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

“పట్టే తీరు ఎందుకు చెప్పినావు మరి?”

“సలిలో ఒణుకుతా కూసున్నారు. సూడలేక సెప్తి.”

ఎన్ని కిలోలో లెక్కవేసి సంత ధర ప్రకారం డబ్బు ముందర పెట్టినాము. ఆయన తీసుకోలేదు. “జిలేబీలు ఎన్ని, రోహులు ఎన్ని?” అని అడిగినాడు. జిలేబి వాళ్ళు వదిలింది కాదంట. దానంతటదే పిల్లలు పెట్టి పెరుగుతుంది, పైగా రోహు మేత తినేస్తుంది. దానికి డబ్బు ముట్టనన్నాడు. రోహులు తొమ్మిది అని ఒకడు, పదకొండు అని ఇంకొకడు అక్కడే వాదులాడుకున్నారు. పదకొండుకే కట్టమన్నాము. ఆయన తలూపి, “అరకిలోకు మించి ఉండవు. ఎండాకాలం దాకా ఉంటే కిలో అయితాండె,” అన్నాడు. కిలో లెక్కనే ఇచ్చినాము. డబ్బు లెక్కపెట్టుకొని, సంఘం పుస్తకం తెప్పించి అందులో రాయించినాడు.

పోయిన ఆదివారం ఇక్కడ మిగిలిన వాళ్ళ ముందు ఇదంతా చెప్పినాము. పులుసు తిన్న మీ అమ్మానాన్నలు కొంచెంసేపు మౌనంగా ఉన్నారు. ఒక అవ్వ మాత్రం, “పులుసు బాగానే ఉండె గదయ్యా,” అంది.

మేము లేచి వస్తుంటే తాత పిల్లలను పిలిచి రెండు చిన్న గాలాలు చేతిలో పెట్టినాడు. జిలేబీలకు ఎప్పుడైనా రావచ్చంట, ఒక మాట చెప్పి రావాలంట.

“ఎండెక్కినాక రాండి,” అన్నాడు.