ఇంటిపేరు ఏ ఇంటిది?

'మీ ఇంటిపేరేంటి బాబూ?'

కొత్తగా కనిపించిన పిల్లల్ని తెలుగునాట పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఎవరి తాలూకో, ఏ ఊరివాళ్లో తెలుసుకోవడానికి అదే ఆనవాలు. సొంతపేరు కన్నా ముందు బడి రిజిస్టర్లోకి ఎక్కేదీ అదే. చాలామంది పిల్లలు తడుముకోకుండా జవాబు చెప్పేస్తారు. కానీ ఓ తెలుగు పిల్లాడి ఇంటిపేరు ఏమిటో తేల్చడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఆ బాబుకి రెండున్నర నెలలప్పుడు, 2006లో తండ్రి చనిపోయాడు. మరుసటేడు తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. 2008లో నాయనమ్మా తాతయ్యా కోర్టుకెళ్లారు, మనవడికి తమనే సంరక్షకులుగా నియమించమని. వాళ్లనీ తప్పుపట్టలేం. పోయిన కొడుక్కి మిగిలిన గుర్తు ఆ పసివాడే కదా! తల్లీబిడ్డల్ని విడదీయడం మంచిది కాదంది కింది కోర్టు. పెద్దవాళ్లు వచ్చి చూసివెళ్లేందుకు మాత్రం వీలు కల్పించింది.

వ్యవహారం హైకోర్టుకు చేరాక కథ ఇంటిపేరు మీదికి మళ్లింది. బాబుకి కన్నతండ్రి ఇంటిపేరే పెట్టాలనీ, రికార్డుల్లో వీలైనచోటల్లా ఆయన పేరే చూపాలనీ, కుదరనిచోట తల్లి ఇప్పటి భర్తని 'మారుతండ్రి' అని రాయాలనీ ఆదేశించింది.

ఆ మాట పడ్డ కాగితం పట్టుకుని పిల్లాడు బడికి వెళ్తే? ఇంట్లో అందరిదీ ఒక ఇంటిపేరు, వాడొక్కడిదీ వేరు. తోటిపిల్లలు అడిగిన ప్రతిసారీ వాడు పాతకథ మొదట్నుంచీ చెప్పుకోవాలి.

సరిగ్గా అదే ఆలోచించింది సుప్రీంకోర్టు. 2022 జులై 28న జస్టిస్ దినేశ్ మహేశ్వరి, జస్టిస్ కృష్ణమురారి ఇచ్చిన తీర్పు తల్లి పక్షాన నిలిచింది. భర్త పోయాక బిడ్డకి సహజ సంరక్షకురాలు ఆమే. అలాంటప్పుడు బిడ్డని తన కొత్త కుటుంబంలో కలుపుకుని ఆ ఇంటిపేరే పెడితే వింతేముందని ప్రశ్నించింది. మారుతండ్రి అని రాయించడం పసిమనసు పట్ల దాదాపు క్రూరత్వమేనంది. నిజానికి ఇంటిపేరు మార్చమని తాతానాయనమ్మలు తమ పిటిషన్‌లో కోరనే లేదు. కోరని ఊరటని కోర్టులు ఇవ్వకూడదనీ గుర్తుచేసింది. అప్పటికే, 2019లో, ఆ తండ్రి బాబుని చట్టప్రకారం దత్తత తీసుకున్నాడు కూడా.

తల్లికి ఈ పాటి హక్కు దక్కడం వెనక చాలా ఏళ్ల కథ ఉంది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం వచ్చింది 1956లో. బిడ్డకి సహజ సంరక్షకులు ఎవరంటే 'తండ్రి, ఆయన తర్వాత తల్లి' అంటుందది. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, దరఖాస్తు మీద తండ్రి సంతకమైనా ఉండాలి, లేదా ఆమె సంరక్షకురాలని కోర్టు పత్రమైనా తేవాలన్నారు. భర్తకీ అభ్యంతరం లేదు. అయినా ఆమె సంతకం చెల్లలేదు! 1999లో సుప్రీంకోర్టు ఆ ముడి విప్పింది. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అని కాదు, ఆయన అందుబాటులో లేకున్నా, పట్టించుకోకున్నా తల్లే సంరక్షకురాలంది. 2015లో మరో అడుగు వేసి, పెళ్లికాని తల్లి సంరక్షకత్వం కోరినప్పుడు తండ్రికి నోటీసు ఇచ్చితీరాలన్న పట్టు అక్కర్లేదంది. చట్టంలోని ఆ పాత వాక్యం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

పేరు కలిగి ఉండటం, కుటుంబ బంధాల్ని నిలుపుకోవడం పిల్లల హక్కులని ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1989లోనే చెప్పింది. 1992లో భారత్ దానికి తలూపింది. కుటుంబ బంధాలంటే అమ్మ ఒక్కతే కాదు, తాతయ్యా నాయనమ్మా కూడా. కన్నతండ్రి ఫొటో చూపించి ఆయన కబుర్లు చెప్పడానికి వాళ్లకి ఇంటిపేరు అడ్డేమీ కాదు.

కేసు మొదలైనప్పుడు రెండేళ్ల పసివాడు, తీర్పు వచ్చేసరికి పదహారేళ్ల కుర్రాడయ్యాడు. పెద్దవాళ్లు వాదించుకున్నన్నాళ్లూ ఆ పేరుతో బతికింది వాడే.