ముందు ఎవరి సీటో తేల్చండి!

హోమ్ థియేటర్ కొన్న ఇంట్లో ముందు మొదలయ్యేది సినిమా కాదు, స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్న గొడవ. మా హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. సోఫా వెనక గోడకి ఆనుకునే ఉండేది. చాలామంది ఇళ్లలో ఇంతే కదా!

5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, ఇంకో రెండు సరౌండ్ స్పీకర్లు. అసలు పేచీ ఈ రెండింటితోనే. వీటిని వెనక గోడ మూలల్లో పెట్టేస్తే పనైపోయిందనుకుంటాం. కానీ లెక్క గోడ నుంచి కాదు, వినేవాళ్ల తల నుంచి మొదలవుతుంది. టీవీ వైపు సున్నా డిగ్రీలు అనుకుంటే, సరౌండ్లు అటూ ఇటూ 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఉండాలి. అంటే చెవులకి పక్కనే, కాస్త వెనగ్గా. ఎత్తు చెవి కంటే ఒకటి రెండు అడుగులు పైన.

మరి ఎవరి తల?

"నువ్వు కొన్నావ్, నీ సీటుకే సెట్ చేసుకో" అన్నాడు మా ఫ్రెండ్. సబబైన మాటే. కానీ మా నాన్న సంగతి వేరు. జూట్ మిల్లులో మగ్గాల మోత మధ్య ఏళ్ల తరబడి పనిచేసి చెవులు మందగించాయి. ఎడమది మరీను. సినిమా చూస్తూ "ఏమన్నాడ్రా?" అని అడిగేవారు. తర్వాత్తర్వాత అడగడం మానేశారు. మేం నవ్వాక, మమ్మల్ని చూసి నవ్వేవారు. కొన్నాళ్లకి ఇంటర్వెల్ కాకుండానే లేచి వెళ్లి పడుకునేవారు.

శబ్దం ఎటు నుంచి వస్తోందో మెదడు రెండు చెవులకీ మధ్య తేడాని బట్టి పసిగడుతుంది. ఒక చెవి సరిగ్గా పనిచేయకపోతే సరౌండ్ మజా చాలావరకు పోతుంది. అయినా మధ్య సీటు నాన్నకే అనుకున్నాను. సోఫా 2 అడుగులు ముందుకి జరిపాం. "వెనక చీపురు పట్టేంత దారి ఉంటే చాలు" అని అమ్మ ఒప్పుకుంది. మధ్య సీటు నుంచి పక్క గోడ 5 అడుగులు. నాన్న తల కంటే 2 అడుగులు వెనక్కి, పక్క గోడలకే సరౌండ్లు బిగించాం. కోణం దాదాపు 112 డిగ్రీలు వచ్చింది.

తర్వాత టేపుతో ఒక్కో స్పీకర్ దూరం కొలిచి రిసీవర్‌లో ఎక్కించాను. శబ్దం ఒక అడుగు రావడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. దూరాలు చెబితే, అన్నీ ఒకేసారి చెవికి చేరేలా రిసీవరే సర్దుకుంటుంది. డైలాగులు ఎక్కువగా వచ్చేది మధ్య స్పీకర్ నుంచే కాబట్టి దాన్ని నాన్న ముఖం వైపు కాస్త పైకి వంచి, 3 డెసిబెల్స్ పెంచాను. సరౌండ్లు 2 తగ్గించాను. వాన చప్పుడు మాటల్ని మింగేయకూడదు కదా!

ఇప్పుడు పక్కన కూర్చునే నాకు కుడి సరౌండ్ మరీ దగ్గర. క్రికెట్ మ్యాచ్ పెడితే స్టేడియం గోలంతా నా ఒక్క చెవిలోనే. ఫర్వాలేదు.

మీరూ సరౌండ్ స్పీకర్లు పెడుతుంటే, గోడకి డ్రిల్ పెట్టేముందు ఓ సాయంత్రం ఇంట్లోవాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎవరు మధ్యలో లేచి వెళ్లిపోతున్నారో చూడండి.

మొన్న ఆదివారం నాన్న ఓ పాత కామెడీ సినిమా చివరిదాకా చూశారు. అయ్యాక, "ఆ డైలాగుకి అంత నవ్వాల్సిందేముంది?" అని మాతో వాదన పెట్టుకున్నారు.