కుళాయి చూసి చేపను తెచ్చుకోవాలి

చేపల కొట్టుకు బయల్దేరే ముందు మీ ఇంటి కుళాయి మూతి ఒకసారి చూడండి. తెల్లగా పొలుసు కట్టి ఉంటే మీవి గట్టి నీళ్లు. హైదరాబాదులో బోరు నీళ్లు వాడే చాలా ఇళ్లలో ఇదే వరస. ఈ నీళ్లలో గప్పీలు, మోలీలు హాయిగా బతుకుతాయి. అమెజాన్ ఎగువ వాగుల మెత్తటి నీళ్లకు అలవాటైన నియాన్ టెట్రాకు మాత్రం ఇవి పడవు. దాని నీలిచార ఎంత ముచ్చటగా మెరిసినా సరే, వద్దనే అంటాను. గప్పీలైతే నెలనెలా పిల్లలు పెడతాయి కాబట్టి చిన్న తొట్టిలోకి మగవాటినే తెచ్చుకోవడం మంచిది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జీబ్రా చేప. ఇది మన దేశపు వాగుల్లో, పొలాల కాలువల్లో తిరిగే చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఎంత పెరిగినా రెండంగుళాలు దాటడం అరుదు. మొప్పల దగ్గర మొదలైన నీలిగీతలు తోక చివరిదాకా తెగకుండా సాగుతాయి. కాస్త నిదానంగా చూస్తే ఆడా మగా తేడా కూడా తెలుస్తుంది. మగది సన్నగా ఉండి గీతల మధ్య పసుపు ఛాయ కొడుతుంది, ఆడదాని పొట్ట గుండ్రంగా, వెండిలా ఉంటుంది. ఒంటరిగా ఉంచితే బెదురుతుంది. రెండడుగుల తొట్టిలో ఏడెనిమిదింటిని కలిపి వదిలితే పొద్దంతా ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి.

గాజుగిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. అది జానెడు పెరగగల చేప, సరిగ్గా చూసుకుంటే పదేళ్లు బతుకుతుంది. పాచి తింటుందని అంటగట్టే సక్కర్ చేపదీ అదే కథ. అడుగుకు మించి పెరిగి తొట్టిలో పట్టనప్పుడు జనం దాన్ని చెరువులో వదిలేస్తారు. అక్కడ దాని ముళ్లకు జాలర్ల వలలు చిరుగుతాయి. దెయ్యం చేప అని వాళ్లు తిట్టుకునేది దీన్నే.

తొట్టి కొన్నరోజే చేపలు తేవద్దు. చేపలు విడిచే అమ్మోనియా వాటికే విషం. దాన్ని విరిచే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి నెలైనా పడుతుంది. ఈలోగా తొట్టికి మంచి మూత చేయించండి. జీబ్రాలు ఎగిరి బయటికి దూకుతాయి.