పంక్చర్లు వేసుకునేవాడికి ఏం తెలుసు?

"మా ఊరి చేతిపనులు" శీర్షికలో ఇది 9వ భాగం.

"చదవకపోతే పంక్చర్లు వేసుకుని బతుకుతావ్." బడికి పోయిన పేద పిల్లలందరూ ఎప్పుడో ఒకసారి ఈ మాట విని ఉంటారు. నేను తొమ్మిదో తరగతిలో విన్నాను. అదీ లెక్కల్లో మంచి మార్కులు వచ్చిన రోజున. పేపర్లు పంచుతూ సారు నా పేపరు పైకెత్తి, "పంక్చర్లేసేవాళ్ల కొంపలో కూడా లెక్కలు పుడుతున్నాయిరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మార్కులు తక్కువొస్తే ఆ పనికి పంపిస్తామంటారు, ఎక్కువొస్తే ఆ పనిని గుర్తుచేస్తారు.

ఇప్పుడు ఆ మాట ఫోన్లలోకి వచ్చింది. ముస్లిం కుర్రాడు ఏదన్నా రాస్తే కింద "పోయి పంక్చర్లేసుకో" అని కామెంటు. మన పిల్లవాడు స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిందని అడిగితే అదే కామెంటు. ఈ మాట రెండు అబద్ధాల మీద నిలబడింది. పంక్చర్ వేయడానికి బుర్ర అక్కర్లేదనేది మొదటిది. చదువు లేకపోవడం వల్లే మనిషి ఆ పనిలో ఉన్నాడనేది రెండోది. రెండింటినీ విప్పి చూద్దాం.

మా చిన్నాన్న షాపు నాదెండ్ల నుంచి చిలకలూరిపేట పోయే దారిలో ఉంది. రేకుల కప్పు, ఒక కంప్రెసర్, రెండు జాకీలు, వీల్ పానాలు, ఇనప లివర్లు, సగానికి కోసిన డ్రమ్ములో నీళ్లు, సొల్యూషన్ డబ్బాలు. అంతే షాపు. ముప్పయ్యేళ్ల నుంచీ అదే చోటు. అప్పుడు మాది గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా. జిల్లా పేరు మారినా వచ్చే బళ్లు మారలేదు. పత్తి ట్రాక్టర్లు, మిరప కోతలకు ఆడకూలీల్ని తీసుకుపోయే ఆటోలు, గణపవరం స్పిన్నింగ్ మిల్లులకు డ్యూటీకి పోయేవాళ్ల మోటారు సైకిళ్లు.

పోయిన భోగి నాడు ఆ షాపు ముందు ఒక స్పోర్ట్స్ కారు ఆగింది. రెండే డోర్లు, నేలకు జానెడెత్తు. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన మోతుబరి ఇంటి కుర్రాడిది. వెనక టైరు పూర్తిగా కూర్చుంది. అలా కూర్చున్న టైరు మీదే కొంతదూరం తోలుకొచ్చారు. నేనక్కడే ఉన్నాను.

చిన్నాన్న ముందు జాకీ పెట్టలేదు. టైరు పక్కన గొంతుక్కూర్చుని గోడ మీద అరచెయ్యి వేసి చుట్టూ తడిమాడు. సబ్బునీళ్లు పోసి, కాస్త గాలి కొట్టి చూశాడు. మేకు దిగింది రోడ్డును తాకే ట్రెడ్ మధ్యలో కాదు. ట్రెడ్ అయిపోయి గోడ మొదలయ్యే మలుపులో. పైగా గోడ చుట్టూ ఉంగరంలాగా నలిగిన గీత. లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఇది వెయ్యకూడదు బాబూ."

పక్కనున్న స్నేహితుడు అందుకున్నాడు. "ఏరా, ట్యూబ్‌లెస్సేగా. ఒక స్ట్రిప్ గుచ్చెయ్, అయిపోద్ది."

చిన్నాన్నకు 58 ఏళ్లు. ఏరా అన్నవాడికి పాతికుంటాయేమో.

"గుచ్చితే గాలి ఆగుద్ది బాబూ. పేట దాకా పోతారు. హైవే ఎక్కి స్పీడు తొక్కితే పగులుద్ది. ఇది మెల్లగా పోయే బండి కాదుగా."

"డబ్బులు ఎక్కువిస్తాంలే, వెయ్యి."

"డబ్బుల సంగతి కాదు బాబూ."

"పంక్చర్లేసేవాడివి, ఈ కారు గురించి నీకేం తెలుసురా?"

చిన్నాన్న మాట్లాడలేదు. చతికిలబడ్డ ఆ టైరు గోడ మీది అంకెల్ని వేలితో చూపించాడు. 255/35 ఆర్ 19, 96 వై. ఆయన చదివింది ఐదో తరగతి. ఈ అంకెలు నేర్పింది మాత్రం కేరళ నుంచి వచ్చి హైవే మీద టైర్ల షాపు పెట్టుకున్న ఒక ముస్లిం ఉస్తాద్. ఆయన దగ్గర చిన్నాన్న ఆరేళ్లు హెల్పరుగా చేశాడు.

మీరూ ఒకసారి ఆ అంకెలు చదవండి. 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 35 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 35 శాతం. లెక్కేస్తే సుమారు 89 మిల్లీమీటర్లు, మూడున్నర అంగుళాలు. ఆర్ అంటే రేడియల్. 19 అంటే రిమ్ము అంగుళాలు. 96 అంటే ఆ ఒక్క టైరు 710 కిలోల బరువు మోయగలదని. వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకునేలా చేశారని. మన దేశంలో ఎక్స్‌ప్రెస్ వే మీద కార్లకు గరిష్ఠ పరిమితి 120. టైరు దేనికి తయారైందో, మన రోడ్డు మీద దానితో ఏం చేస్తున్నామో ఆ ఒక్క అక్షరం చెప్పేస్తుంది.

ఇంతకీ ఎందుకు వెయ్యకూడదు? ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీలుంటాయి. అక్కడ చిన్న బెజ్జం, 6 మిల్లీమీటర్ల లోపుదైతే బాగుచేయొచ్చు. అదైనా బయట నుంచి స్ట్రిప్ గుచ్చి వదిలేస్తే తాత్కాలికమే. టైరు విప్పి, లోపలంతా చూసి, బెజ్జాన్ని నింపే కాడ, లోపల అంటుకునే ప్యాచ్ కలిసిన పుట్టగొడుగు లాంటి ముక్కను లోపలి నుంచి వెయ్యాలి. అదీ పద్ధతి. గోడ సంగతి వేరు. అక్కడ ఉక్కు పట్టీల కాపు లేదు. లోపలి దారాల పొరలే గాలి ఒత్తిడినంతా మోస్తాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ గోడ వంగి లేస్తుంది. ఈ సైజు టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 13 సార్లకు పైగా తిరుగుతుంది. అంటే సెకనుకు అన్నిసార్లు వంగి లేచే చోట ఏ ప్యాచీ నిలవదు. గాలి లేకుండా తోలితే ఆ పొట్టి గోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి, దారాలు లోపలే తెగుతాయి. బయటికి కనిపించేది ఆ ఉంగరం గీతే. మేకు ఎక్కడ దిగినా సరే, అంత నలిగిన టైరు ఇక పనికిరాదు.

ఈ సంగతంతా చిన్నాన్న అరచేతికి తెలుసు.

కారులో స్టెప్నీ లేదు. ఇలాంటి కార్లలో చాలావాటికి ఉండదు. బదులుగా లోపల పోసే జిగురు డబ్బా, చిన్న గాలి పంపు ఇస్తారు. ఆ జిగురు ట్రెడ్‌లో చిన్న బెజ్జాలకే పనికొస్తుంది. కుర్రాడు సర్వీసు వాళ్లకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి ఫొటోలు పంపాడు. అవతలి గొంతు ఇంగ్లీషులో చెప్పింది: బాగుచేయకూడదు, మార్చాలి. ఒకే ఇరుసు మీద రెండూ ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి కాబట్టి రెండు టైర్లూ మారిస్తే మంచిది. బండిని నడపొద్దు, ఎక్కించుకుపోయే లారీ పంపుతాం.

కుర్రాడు ఫోన్ పెట్టేసి, "కరెక్టేరా, వెయ్యకూడదంట" అన్నాడు. చిన్నాన్న వంక చూసి కాదు, స్నేహితుడి వంక చూసి. అదే మాట మాదిగ నోటి నుంచి తెలుగులో వచ్చినప్పుడు "నీకేం తెలుసురా". ఇంగ్లీషులో వచ్చాక "కరెక్టే". మిత్రులారా, జ్ఞానానికి కులం అంటగట్టడమంటే ఇదే.

ఇక ఆ అరచేతికి ఈ తెలివి ఎక్కడిదో చెప్పాలి. మా తాత తోలుపని చేసేవాడు. కరెంటు మోటార్లు రాకముందు ఊరి బావుల్లోంచి నీళ్లు తోడింది మోట. ఆ మోటకు కట్టే తోలు బాన కుట్టింది మాదిగలు. లందలో తంగేడు చెక్క వేసి తోలు పదును చేసి, ఆరెతో పొడిచి, తోలు వారుతో కుట్టి, చుక్క నీరు కారకుండా చేయాలి. బానకు బెజ్జం పడితే మాసిక వేస్తారు. ఎక్కడ మాసిక నిలుస్తుంది, ఎక్కడ కొత్త తోలే వెయ్యాలి అన్నది తాతకు తడిమితే తెలిసేది. మడత పడేచోట మాసిక నిలవదని చిన్నాన్నకు చెప్పింది ఆయనే. బావులకు మోటార్లొచ్చి బాన పోయాక, తాత పాత టైర్లు కోసి చెప్పులు కుట్టాడు. ఆ టైర్ల మధ్యే చిన్నాన్న పెరిగాడు.

ఇంకో సంగతి. రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండ్ మనిషి 1845లో గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, దానిపైన తొడిగిన కవరు తోలుది. జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం బెల్‌ఫాస్ట్‌లో చేసి 1888లో పేటెంట్ తీసుకున్న టైరు దాని తర్వాతది. అంటే మొట్టమొదటి గాలి టైరు ఒంటి మీద ఉన్నది తోలే. అక్కడ తోలుతో గాలిని ఆపినవాడు ఆవిష్కర్త అయ్యాడు. ఇక్కడ తోలుతో నీళ్లను ఆపినవాళ్లు అంటరానివాళ్లయ్యారు. వాళ్లు కుట్టిన బానలోంచి వచ్చిన నీళ్లతో పైర్లు పండాయి. ఆ బావి గట్టు మాత్రం వాళ్లు ఎక్కకూడదు.

అలాగని కులవృత్తిని నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడంలేదు. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొడుతుందని అంబేడ్కర్ 1936లోనే "కుల నిర్మూలన"లో తేల్చిచెప్పాడు. మన పిల్లలు డాక్టర్లూ కావాలి, ఆ స్పోర్ట్స్ కారు డిజైన్ చేసే ఇంజినీర్లూ కావాలి. నేను అడిగేది ఒక్కటే. పని చేసే చేతికి తెలివి ఉందని ఒప్పుకోండి.

రెండో అబద్ధానికి జవాబు మా ఇంట్లోనే ఉంది. చిన్నాన్న కొడుకు బీటెక్ మెకానికల్ పాసయ్యాడు. హైదరాబాద్‌లో బైకు మీద డెలివరీలు ఇస్తున్నాడు. బండి పంక్చరైతే తనే వేసుకుంటాడు. చదవకపోతే పంక్చర్లు వేసుకుంటావన్నారుగా, చదివినవాడి సంగతి ఏం చెబుతారు?

కారు వెళ్లిపోయిన వారానికే ఒక ఆటో వచ్చింది. తెల్లవారుజామున మిరప కోతకు పోయే పన్నెండు మంది ఆడకూలీలు అందులో. టైరు గోడ చీలింది. చిన్నాన్న అదే మాట చెప్పాడు: వెయ్యకూడదు. టైరు ధర్మం కారుకైనా ఆటోకైనా ఒకటే. తేడా జేబులో ఉంది. ఆ కారు టైరు ఒక్కటి చిన్నాన్నకు మూడు నెలల రాబడి, అయినా కుర్రాడు రెండు మార్చుకున్నాడు. ఆటోవాడికి ఆ పూట కిరాయి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. "ఎట్టోకట్ట వెయ్యి అన్నా" అని బతిమాలాడు. చిన్నాన్న లోపల వెతికి, గోడ బాగున్న పాత టైరు ఒకటి తీసి, అప్పు రాసుకుని ఎక్కించాడు. ఆ అప్పు ఇంకా సగం తీరలేదు. రోడ్డు భద్రత గురించి సభలు పెట్టేవాళ్లు ఆ అప్పు పుస్తకం ఒకసారి చూడాలి. ఆ పన్నెండు మంది ప్రాణాలకు ఆ పూట పూచీ పడింది అదే.

ఇప్పుడు సర్కారు సంగతి. కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తులు. గుర్తింపు కార్డు, శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం. ఆ జాబితాలో చెప్పులు కుట్టేవారున్నారు. టైర్లు బాగుచేసేవారు లేరు. కుటుంబం నుంచి వచ్చిన సంప్రదాయ వృత్తి అయితేనే లెక్క. అంటే మా చిన్నాన్న ఆరె పట్టుకుని తాత చోట్లోనే కూర్చుని ఉంటే కార్డు వచ్చేది. ఆరె వదిలి కంప్రెసర్ పట్టుకున్నాడు కాబట్టి జాబితాలో లేడు. కుటుంబ వృత్తి అనే షరతు కులాన్ని గట్టిపరుస్తుందంటూ తమిళనాడు ప్రభుత్వం 2024లో ఈ పథకాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయబోమని చెప్పింది. మన దగ్గర ఆ మాట గట్టిగా అడిగినవాళ్లు ఎంతమంది?

మనం అడగాల్సినవి ఇవి. టైర్ల పని చేసేవాళ్లకు, ఏ కులమైనా ఏ మతమైనా, ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. టైరు విప్పే మిషను, బ్యాలెన్సింగ్ మిషను కొనుక్కోవడానికి పూచీకత్తు అడగకుండా రుణం ఇవ్వాలి. అవి లేకే చిన్నాన్న అల్లాయ్ రిమ్ముల పని ముట్టుకోలేడు. ఇనప లివరు తగిలితే రిమ్ము గీసుకుపోతుంది. తెలివి ఉంది, పనిముట్టు లేదు. కూలీల ఆటోలకు టైర్లు మార్చుకునేందుకు చిన్న రుణాలు ఇవ్వాలి.

విద్యార్థి మిత్రులారా, మీ హాస్టల్ దగ్గర్లోని పంక్చర్ షాపుకు ఈ ఆదివారం వెళ్లండి. అక్కడి మనిషిని "అన్నా" అనో "భాయ్" అనో పిలిచి, ఏ టైరు వెయ్యొచ్చు, ఏది వెయ్యకూడదు, ఎలా తెలుస్తుంది అని అడిగి రాసుకురండి. మీ ఊళ్ల నుంచి వచ్చినవన్నీ కలిపి, అర్జీతో పాటు నరసరావుపేటలో కలెక్టరు ఆఫీసులో ఇద్దాం. ఈసారి మీ క్లాసులో ఎవరన్నా "పంక్చర్లు వేసుకుంటావ్" అంటే గొడవపడొద్దు. వాళ్ల బండి టైరు మీది అంకెలు చూపించి, చదివి అర్థం చెప్పమనండి.

వచ్చే భాగంలో బట్టీల దగ్గర ఇటుక కోసే వాళ్ల గురించి మాట్లాడుకుందాం. జై భీమ్.