దాచిపెట్టిన మాత్రల సీసా

మా బంధువర్గంలో ‘నీ టీఎస్‌హెచ్ ఎంత?’ అన్నది ఇప్పుడు కుశల ప్రశ్న. అమ్మకు, పెద్దమ్మకు, ఇద్దరు పిన్నులకు, వాళ్ల కూతుళ్లలో సగం మందికి థైరాయిడ్ ఉంది. (ఆ మాటకొస్తే థైరాయిడ్ అందరికీ ఉంటుంది. మెడ ముందు భాగంలో, గొంతుముడికి కాస్త దిగువన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి పేరది. షుగర్, బీపీల్లాగే ఇదీ వాడుకలో జబ్బు పేరై కూర్చుంది.) ఎవరు ఎన్ని మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నారో పెళ్లి పందిళ్లలో నగల గురించి మాట్లాడుకున్నంత తీరిగ్గా చెప్పుకుంటారు. అదే మాట పెళ్లిచూపులనాడు మాత్రం ఎవరి నోటా రాదు.

మా చెల్లెలికి 24వ ఏట బయటపడింది. అంతకుముందు ఎనిమిది నెలల పాటు నీరసం, జుట్టు ఊడటం, నెలసరి క్రమం తప్పడం. ఏప్రిల్లో కూడా దుప్పటి కప్పుకునేది. గుంటూరులో ఏప్రిల్లో చలి వేస్తోందనే మనిషిని చూస్తేనే అనుమానం రావాలి. కానీ ఒక డాక్టరు రక్తహీనత అన్నారు, మరొకరు డిప్రెషన్ అన్నారు, ఇంట్లోవాళ్లు బద్ధకం అన్నారు. చివరికి పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 60 దాటింది. మామూలుగా అది సుమారు 4 లోపే ఉండాలి.

ఈ అంకె చాలామందిని తికమకపెడుతుంది. టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందనుకుంటారు. సంగతి తలకిందులు. అది మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి పంపే హుకుం. థైరాయిడ్ చాలినంత థైరాక్సిన్ తయారుచేయకపోతే పిట్యుటరీ గదమాయిస్తుంది, మరీ ఎక్కువ చేస్తే ఊరుకుండిపోతుంది. 60 అంటే గదమాయించి గదమాయించి విసిగిపోయిందన్నమాట.

ఉప్పు మారిస్తే తగ్గదా అని అమ్మ అడిగింది. అడగడంలో తప్పులేదు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, మెడ ఉబ్బే గాయిటర్‌ను అయొడిన్ కలిపిన ఉప్పుతో అదుపు చేయొచ్చని నిరూపించింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇవాళ మన వంటింట్లో ఉన్న ఉప్పు వెనక అంత కథ ఉంది. కాకపోతే చెల్లెలిది ఉప్పుతో తీరే బాధ కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ సొంత గ్రంథినే శత్రువనుకుని దెబ్బతీసే రకం. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ వైద్యుడు వర్ణించిన ఈ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎన్నో రెట్లు ఎక్కువ.

వైద్యం మాత్రం చాలా తేలిక. గ్రంథి చేయలేకపోతున్న హార్మోన్‌నే లెవోథైరాక్సిన్ మాత్రగా వేసుకోవడం, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించి మోతాదు సరిచూసుకోవడం. రోజు ఖర్చు హోటల్ కాఫీ పాటి కూడా ఉండదు. షరతు ఒక్కటే. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, అరగంట నుంచి గంట దాకా కాఫీ, టిఫిన్ ముట్టకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. ఇవేవీ చెప్పకుండా క్యాబేజీ తినొద్దని మాత్రం అందరూ చెబుతారు. ఉడికించిన క్యాబేజీ కూర మామూలుగా తింటే వచ్చే నష్టమేమీ లేదు.

సంబంధం కుదిరినప్పుడు, “మూడు ముళ్లూ పడనీ, తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చులే” అంది అమ్మ. నేను వద్దన్నాను. నా మాట చెల్లలేదు. సీసా చీరల మడతల్లో అత్తారింటికి వెళ్లింది. ఆ ఇంట్లో తెల్లవారుజామునే అందరూ కలిసి కాఫీ తాగుతారు. కొత్తకోడలు అరగంట ఆగి తాగుతానంటే కారణం చెప్పాలి. అందుకని ఒకరోజు కాఫీ తర్వాత, ఒకరోజు మధ్యాహ్నం భోజనమయ్యాక, మూడు రోజులు అసలే లేదు. ఆరు నెలలు అలా గడిచాయి. తర్వాత గర్భం నిలిచింది.

తొలి పరీక్షల్లో టీఎస్‌హెచ్ 18. డాక్టరమ్మ అత్తగారి ముందే నిలదీసింది. మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డ దాదాపు పూర్తిగా తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుందని, మెదడు ఎదుగుదలకు అది అవసరమని, కొరత ఉంటే గర్భస్రావం ముప్పు పెరుగుతుందని విడమర్చింది. మోతాదు పెంచి నెలనెలా పరీక్ష రాసింది. ఆ రాత్రి చెల్లెలు ఫోన్‌లో, “అక్కా, జబ్బుకు భయం వేయలేదు, సీసా బయటపడినందుకు భయమేసింది” అంది. ఆ మాట నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది, దాని మీద కాదు.

పాపకు పుట్టిన మూడో రోజున మడమ దగ్గర రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేశారు. ఫలితం మామూలుగానే ఉంది. పుట్టుకతో లోపం ఉన్నా తొలి వారాల్లోనే మాత్ర మొదలుపెడితే బుద్ధిమాంద్యం రాకుండా ఆపొచ్చు. అలాంటి పరీక్ష మన దేశంలో ఇంకా ప్రతి బిడ్డకూ అందడం లేదు. అత్తగారు దాచిన సంగతిని ఇంకా క్షమించలేదు. మాత్రల సీసా మాత్రం ఇప్పుడు ఫ్రిజ్ మీద అందరికీ కనిపించేలా ఉంటోంది.

మగవాళ్ల విషయంలో ఈ దాపరికం ఎందుకుండదో గాని, పెద్దమ్మ కొడుక్కి దీనికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు వస్తే ఊరంతా పరామర్శకు వచ్చింది. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి. బాగా తింటున్నా చిక్కిపోయాడు, గుండెదడ, వేళ్ల వణుకు. కార్బిమజోల్ ఇచ్చారు. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే రక్తపరీక్షకు రమ్మని హెచ్చరించారు. ఈ మందు తెల్ల రక్తకణాలను అరుదుగా ప్రమాదకరంగా తగ్గిస్తుంది. ఏడాదిన్నర వాడి ఆపాక జబ్బు తిరగబెట్టడంతో రేడియో అయొడిన్ ఇచ్చారు. దాంతో గ్రంథి పనిచేయడం మానేసింది. ఇప్పుడు అన్నయ్యదీ చెల్లెలిదీ ఒకే మాత్ర.

చిన్న పిన్ని కూతురికి ఈ మధ్య సంబంధాలు చూస్తున్నారు. తన వివరాలు తనే రాసుకుంది. ఎత్తు, చదువు, జీతం, వాటి కింద ‘థైరాయిడ్, రోజుకు 75 మైక్రోగ్రాములు’. రెండు సంబంధాల వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. మూడో వాళ్లతో మాటలు నడుస్తున్నాయి.