శీకాయ అమ్మి షాంపూ కొంటున్నాం

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి, కొంచెం ఖాళీ దొరికింది. చాలా రోజులుగా మనసులో ఉన్నది రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మా సంతలో ఒకవైపు అమ్మావాళ్ళు కూర్చుని శీకాయ, చింతపండు, అడ్డాకులు అమ్ముతారు. ఎదురుగా కిరాణా కొట్టుకి షాంపూ ప్యాకెట్లు దండల్లాగా వేలాడుతుంటాయి. శీకాయ అమ్మిన డబ్బుల్లోంచే ఒక దండ తెంపించుకుని ఇంటికొస్తాం. కొన్ని ప్యాకెట్ల మీద ఉండేది శీకాయ బొమ్మే! తలంటుకోవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ యాడ్‌లో జుట్టు ఎగరేసే అమ్మాయిని చూశాక, శీకాయ దంచే మా అమ్మ పాతకాలం మనిషిలా కనబడుతోంది. ప్రకటన చేసే పని అదే.

చిక్ షాంపూ 1983లో తమిళనాడులోని కడలూరులో మొదలైంది. పల్లెలకి వెళ్ళి, అందరి ముందూ కుర్రాళ్ళకి తలంటి, జుట్టు ముట్టుకుని చూడమనేవాళ్ళట. తెలివైన పనే, కాదనను. కూలి డబ్బులతో బతికేవాళ్ళు ఒకేసారి సీసా కొనలేరని వాళ్ళకి తెలుసు.

నాకు కోపం క్రీముల మీద. ఫెయిర్ అండ్ లవ్లీ 1975 నుంచి ఉంది. నల్లగా ఉన్నప్పుడు దిగులు, తెల్లబడ్డాక ఉద్యోగం, పెళ్ళి. ఏళ్ళ తరబడి అదే కథ. నల్లరంగుని తక్కువ చేసి చూపించొద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదివే మా చెల్లి మొన్న ఫోన్లో, "అన్నా, వచ్చేటప్పుడు తెల్లగయ్యే క్రీం తే" అంది. ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నా.

అసలు విషయం ఇది. మా హాస్టల్ ఎదురుగా ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కట్టారు. "ఎస్టీలకు ఫీజు రాయితీ, ఉద్యోగం గ్యారంటీ." అందులో మా సీనియర్ అన్న ఫొటో కూడా ఉంది. అడిగితే నవ్వేసి, "నేనక్కడ చేరనే లేదురా, ఒక్క మోడల్ టెస్ట్ రాశానంతే" అన్నాడు. నవ్వే విషయమా అది? ఆ ఫొటో చూసి ఏ నాన్నో మేకల్ని అమ్మి ఫీజు కడతాడు. సెలెక్ట్ అయినవాళ్ళ రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వేయకూడదని, ఉద్యోగం గ్యారంటీ అని చెప్పకూడదని 2024 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది. ఫ్లెక్సీని ఫొటో తీసి పెట్టుకున్నాం, అన్నని ఒప్పిస్తున్నాం.

మీ ఊరి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు డబ్బు కట్టేముందు ఆ ఫొటోల్లో ఒక్కరితోనైనా మాట్లాడమనండి. మీ దగ్గర ఇలాంటి ఫ్లెక్సీలుంటే కింద పెట్టండి.